పత్రిక చెప్పిన పేరు, ఓటరు వేసిన ఓటు: అమెరికా ప్రైమరీల్లో సంపాదకీయ మద్దతు కథాకమామీషు

2020 జనవరి 19 రాత్రి న్యూయార్క్ టైమ్స్ పత్రిక డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే అధ్యక్ష ఎన్నికకి పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి పోటీలో, తన మద్దతు ఎవరికో ప్రకటించింది. ఒక్కరికి కాదు, ఇద్దరికి. ఎలిజబెత్ వారెన్, ఏమీ క్లోబుచార్. తొమ్మిది మంది అభ్యర్థులను ఒక్కొక్కరిగా పిలిచి, గంటకు పైగా ప్రశ్నలు వేసి, ఆ సంభాషణల పాఠాలు అచ్చువేసి, టీవీలో చూపించి మరీ చేసిన ఎంపిక అది. ఏడు వారాలు తిరిగేలోపే ఇద్దరూ బరిలోంచి తప్పుకున్నారు. క్లోబుచార్ మార్చి 2న, వారెన్ మార్చి 5న. చివరికి నామినేషన్ దక్కింది జో బైడెన్‌కి. ఆయన కూడా ఆ పత్రిక సంపాదకీయ బోర్డు ముందు కూర్చుని జవాబులు చెప్పి వెళ్లినవారే.

ఇలాంటివి చూస్తే ‘పత్రిక మాట ఎవరు వింటారు’ అనిపించడం సహజం. కానీ గెలుపోటముల పట్టిక ఒక్కటే ముందు పెట్టుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. ప్రైమరీలో పత్రిక ఇచ్చే మద్దతులో రెండు భాగాలున్నాయి. ఒకటి చివర్లో రాసే పేరు. రెండోది ఆ పేరు తేల్చడానికి ముందు అభ్యర్థికి పెట్టే పరీక్ష. పేరుకి ఉన్న బలం తక్కువ, అదీ కొన్ని పరిస్థితుల్లోనే పనిచేస్తుంది. పరీక్షకి ఉన్న బలం చాలా ఎక్కువ. దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

నవంబరు ఎన్నిక వేరు, ప్రైమరీ వేరు

2016 నవంబరు అధ్యక్ష ఎన్నికలో అమెరికాలోని 100 పెద్ద పత్రికల్లో 57 హిల్లరీ క్లింటన్‌ని సమర్థించాయి. డొనాల్డ్ ట్రంప్‌ని సమర్థించినవి రెండే. గెలిచింది ట్రంప్. నవంబరులో ఇది వింతేమీ కాదు. అప్పటికి ఓటరు ముందు ఉండేవి రెండు పార్టీలు. ఎవరిది ఏ పార్టీయో చూసి చాలామంది ఎప్పుడో నిర్ణయించేసుకుని ఉంటారు. సంపాదకీయం చదివి పార్టీ మారేవాళ్లు అరుదు.

ప్రైమరీలో ఆ ఊతం ఉండదు. పోటీపడేవాళ్లందరిదీ ఒకే పార్టీ. 2016లో రిపబ్లికన్ల వైపు 17 మంది దిగారు, 2020లో డెమోక్రాట్ల వైపు 20 మందికి పైనే. వైద్య బీమా మీద, పన్నుల మీద వాళ్ల మధ్య తేడాలు సన్నటి గీతల్లా ఉంటాయి. రోజూ రాజకీయాలు చదివేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఎవరు ఎవరో గుర్తుపట్టడమే కష్టం. పోలింగ్ శాతం కూడా నవంబరుతో పోలిస్తే బాగా తక్కువ, వచ్చేవాళ్లలో పత్రిక చదివేవాళ్ల వాటా ఎక్కువ. కాబట్టి ఏ సూచన దొరికినా దానికి విలువ ఉంటుందన్నది సిద్ధాంతం.

పైగా ఓటింగ్ దేశమంతా ఒకేరోజు జరగదు. చాలా ఏళ్లపాటు మొదట అయోవాలో కాకస్ (పార్టీ ఓటర్లు ఒకచోట చేరి తేల్చే సమావేశం), తర్వాత న్యూ హాంప్‌షైర్‌లో ప్రైమరీ జరిగేవి. రెండూ చిన్న రాష్ట్రాలే. 2020లో డెమోక్రటిక్ నామినేషన్‌కి పార్టీ మహాసభ తొలి విడత ఓటింగ్‌లో 1,991 మంది డెలిగేట్లు (అభ్యర్థి తరఫున అక్కడ ఓటేసే ప్రతినిధులు) కావాలి. అయోవాలో దక్కేవి 41, న్యూ హాంప్‌షైర్‌లో 24. సంఖ్యగా చూస్తే లెక్కలోకి రావు. కానీ అక్కడ వెనకబడ్డవాళ్లకి విరాళాలు ఆగిపోతాయి, కెమెరాలు మొహం చాటేస్తాయి. అందుకే అయోవాలోని డిమోయిన్ రిజిస్టర్, న్యూ హాంప్‌షైర్ యూనియన్ లీడర్ అనే రెండు ప్రాంతీయ పత్రికల చుట్టూ దేశాధ్యక్ష పదవి ఆశించేవాళ్లంతా ప్రదక్షిణలు చేశారు.

బోర్డులో ఎవరుంటారు, ఏం చేస్తారు

మద్దతు ప్రకటించేది వార్తలు రాసే విలేకరులు కాదు. అమెరికా పత్రికల్లో వార్తా విభాగం, అభిప్రాయ విభాగం వేరు వేరు గదులు. అభిప్రాయ విభాగానికి ఒక ఎడిటర్, కొందరు సంపాదకీయ రచయితలు ఉంటారు. కొన్ని చోట్ల పబ్లిషర్ కూడా కూర్చుంటాడు. వీళ్లనే ఎడిటోరియల్ బోర్డు అంటారు. ప్రచార సభలకు తిరిగే విలేకరికి ఎంపికలో ఓటు లేదు. చాలాసార్లు ఫలితం కూడా పాఠకులతో పాటే తెలుస్తుంది. అయినా మర్నాడు సభలో తిట్లు తినేది మాత్రం అతనే. ఈ గోడ గురించి పత్రికలు ఎన్నిసార్లు చెప్పినా పాఠకుల్లో చాలామంది నమ్మరు. ఎండార్స్‌మెంట్లు (ఈ మద్దతు ప్రకటనలు) మానేద్దామనే వాదనకి అసలు బలం అక్కడి నుంచే వచ్చింది.

మన తెలుగు పాఠకులకి ఏ పత్రిక ఎటు మొగ్గిందో మొదటి పేజీ శీర్షికలు చూస్తేనే అర్థమైపోతుంది. ‘మేము ఫలానావారిని సమర్థిస్తున్నాం, కారణాలు ఇవి, ఆయనలో మాకు నచ్చనివి ఇవి’ అని పత్రిక తన పేరు మీద విడిగా రాసి ఒప్పుకునే ఆనవాయితీ మన దగ్గర దాదాపు లేదు. అమెరికా పద్ధతిలో లోపాలెన్ని ఉన్నా, మొగ్గు ఎటో చెప్పి కారణాలు బల్ల మీద పెట్టడం నాకు మెరుగైన పద్ధతిగా కనిపిస్తుంది.

పని జరిగే తీరు దాదాపు అన్ని చోట్లా ఒకటే. ముందు అభ్యర్థుల పాత ప్రసంగాలు, సభలో వేసిన ఓట్లు, విధాన పత్రాలు చదువుతారు. కొన్ని పత్రికలు రాతపూర్వక ప్రశ్నావళి పంపుతాయి. తర్వాత ముఖాముఖి. గంట నుంచి గంటన్నర. పూర్వం వీటిలో కొన్ని ఆఫ్ ది రికార్డ్‌గా జరిగేవి. ఇప్పుడు మాట్లాడినదంతా అచ్చుకి పనికొచ్చేదే, వీడియో కూడా తీస్తారు. అందరూ అయ్యాక బోర్డు కూర్చుని వాదించుకుంటుంది. ఓటింగ్ పెట్టేవాళ్లు కొందరు, ఏకాభిప్రాయం కోసం చూసేవాళ్లు ఎక్కువ. చివరి మాట పబ్లిషర్‌ది లేదా యజమానిది. ఒకరు ముసాయిదా రాస్తారు, మిగతావాళ్లు దిద్దుతారు.

సొంత ప్రయోజనం ఉన్నవాళ్లు తప్పుకోవాలన్నది నియమం. 2020లో న్యూయార్క్ టైమ్స్ అభిప్రాయ విభాగం అధిపతి జేమ్స్ బెనెట్ ఈ ప్రక్రియకి పూర్తిగా దూరంగా ఉన్నారు. ఆయన అన్న సెనెటర్ మైఖేల్ బెనెట్ పోటీలో ఉండటమే కారణం. ఉపసంపాదకురాలు క్యాథ్లీన్ కింగ్స్‌బరీ ఆ పని నడిపించారు.

తప్పు జరిగేది ఎక్కువగా ఎక్కడంటే, బోర్డు గదిలో మెరిసే గుణాలు, ఓటరు వెతికే గుణాలు ఒకటి కావు. బోర్డు ముందు వివరాలు తెలిసినవాళ్లు, వాక్యాలు పూర్తిచేసేవాళ్లు నెగ్గుతారు. ఓటరు నమ్మకం చూస్తాడు, గెలవగలడా అని చూస్తాడు, మనవాడా కాదా అని చూస్తాడు. 2019 డిసెంబరులో బైడెన్ ఇంటర్వ్యూకి వెళ్తూ న్యూయార్క్ టైమ్స్ భవనంలో లిఫ్ట్ ఎక్కారు. ఆయన్ని పైకి తీసుకెళ్తున్న సెక్యూరిటీ ఉద్యోగిని, ఒక నల్లజాతి మహిళ, మీరంటే నాకు ఎంతో ఇష్టం అని చెప్పి ఆయనతో సెల్ఫీ తీసుకున్నారు. పై అంతస్తులోని బోర్డు బైడెన్‌ని పక్కన పెట్టింది. పార్టీ ఓటర్లలో ఆయనకున్న పట్టు ఏమిటో ఆ కొద్ది క్షణాల వీడియో పట్టి ఇచ్చింది. 2020 ఆగస్టులో పార్టీ మహాసభలో బైడెన్ పేరుని నామినేషన్‌కి లాంఛనంగా ప్రతిపాదించింది ఆవిడే.

ముఖాముఖిలో బయటపడేవి

టీవీ డిబేట్‌లో ఒక్కో జవాబుకి నిమిషం, నిమిషంన్నర. అభ్యర్థి బట్టీపట్టిన మాటలు అప్పజెప్పి గట్టెక్కొచ్చు. ప్రచార సభలో ప్రశ్నే ఉండదు. బోర్డు గదిలో అయిదారుగురు చుట్టూ కూర్చుని, ‘సరే, అది ఎలా చేస్తారు? ఏ చట్టం కింద? అది కుదరకపోతే?’ అని ఒకే విషయం మీద నాలుగైదు ప్రశ్నలు వరుసగా వేస్తారు. అక్కడే సరుకు బయటపడుతుంది.

2011 నవంబరు 14న రిపబ్లికన్ పోటీదారు హెర్మన్ కెయిన్ మిల్వాకీ జర్నల్ సెంటినెల్ బోర్డు ముందు కూర్చున్నారు. అంతకుముందు నెలలో సర్వేల్లో మొదటి వరసలో ఉన్న మనిషి. లిబియా విషయంలో ఒబామా చేసినదానితో ఏకీభవిస్తారా అని అడిగారు. ఆయన కాసేపు మౌనంగా ఉండి, పైకి చూసి, ఏదో మొదలుపెట్టి, కాదనుకుని, మళ్లీ మొదలుపెట్టారు. అప్పటికి లిబియా నియంత గడాఫీ చనిపోయి నెల కూడా కాలేదు. ఆ వీడియో ఆ సాయంత్రానికే దేశమంతా తిరిగింది. లైంగిక వేధింపుల ఆరోపణలతో అప్పటికే చితికిన ప్రచారం, డిసెంబరు 3న ఆగిపోయింది.

2016 ఏప్రిల్‌లో, న్యూయార్క్ ప్రైమరీకి రెండు వారాల ముందు, బెర్నీ శాండర్స్ న్యూయార్క్ డైలీ న్యూస్ బోర్డుతో మాట్లాడారు. పెద్ద బ్యాంకుల్ని ముక్కలు చేస్తానన్నది ఆయన ప్రచారానికి ఆయువుపట్టు. ఆ అధికారం కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్‌కి ఉందా, ఆర్థిక శాఖకి ఉందా, ముక్కలు చేసే పని బ్యాంకే చేసుకోవాలా, ఆ తర్వాత ఆ సంస్థ ఏమవుతుంది అని వరసగా అడిగారు. జవాబులు తడబడ్డాయి. ఆయన సమర్థకులు చెప్పినట్టు, చట్టంలో ఆ అధికారాలు నిజంగానే రెండు మూడు చోట్ల చెదిరి ఉన్నాయి, ఆయన చెప్పినదంతా తప్పు కాదు. కానీ ఏళ్ల తరబడి అదే మాట చెప్తున్న మనిషి దగ్గర దారి మ్యాప్ సిద్ధంగా లేదన్నది మాత్రం పాఠంలో స్పష్టంగా కనపడింది. అదే సంభాషణలో ఈ ఊళ్లో సబ్‌వే రైలు ఎలా ఎక్కుతారు అని అడిగితే టోకెన్ తీసుకుని అన్నారు. ఆ టోకెన్లు 2003లోనే పోయాయి. పత్రిక క్లింటన్‌ని సమర్థించింది. ఏప్రిల్ 19న ఆమె 58-42 తేడాతో గెలిచారు. ఆ రాష్ట్రం ఆమె సొంత సెనేట్ స్థానం, మొదటినుంచీ ఆమెదే పైచేయి. గెలుపుని పత్రిక ఖాతాలో వేయలేం. కానీ ఆ రెండు వారాలూ క్లింటన్ వర్గం చేతిలో ఆయుధంగా ఉన్నది ఆ సంపాదకీయం కాదు, ఆ ఇంటర్వ్యూ పాఠం. దాన్ని వాళ్లు తమ మద్దతుదారులకి ఈమెయిల్‌లో పంపారు.

హిల్లరీ క్లింటన్‌కీ ఇలాంటి గదిలోనే దెబ్బ తగిలింది. 2008 మే 23న సౌత్ డకోటాలోని సూఫాల్స్ ఆర్గస్ లీడర్ బోర్డు, ఒబామా ముందంజలో ఉన్నా మీరింకా ఎందుకు తప్పుకోవడం లేదు అని అడిగింది. జూన్ దాకా పోటీ సాగడం కొత్త కాదని చెప్తూ ఆమె తన భర్త 1992 ప్రచారాన్ని గుర్తుచేశారు, ఆ వెంటనే జూన్‌లో కాలిఫోర్నియాలో రాబర్ట్ కెనెడీ హత్య గురించి అన్నారు. తేదీ కోసం చెప్పిన మాటే కావచ్చు. మొదటి నల్లజాతి అధ్యక్షుడయ్యే అవకాశమున్న ప్రత్యర్థి భద్రత గురించి జనం భయపడుతున్న రోజుల్లో ఆ మాట వినడానికే ఘోరంగా ఉంది. ఆ రోజే ఆమె విచారం వ్యక్తం చేశారు.

అన్నిటికంటే దూరం వెళ్లింది వాషింగ్టన్ పోస్ట్ ఇంటర్వ్యూ. 2016 మార్చి 21న ట్రంప్ ఆ పత్రిక బోర్డుని కలిశారు. మీ విదేశాంగ సలహాదారులెవరు అని అడిగితే కాగితం చూసి అయిదు పేర్లు చదివారు. అందులో కార్టర్ పేజ్, జార్జ్ పాపడోపౌలస్ ఉన్నారు. ఆ రోజుకి ఎవరికీ పెద్దగా తెలియని పేర్లు. రష్యా జోక్యం మీద ఎఫ్‌బీఐ దర్యాప్తులో తర్వాత రెండూ ముందుకొచ్చాయి. ఎఫ్‌బీఐకి అబద్ధం చెప్పినట్టు పాపడోపౌలస్ 2017లో నేరం ఒప్పుకున్నారు. ఆ పత్రిక ట్రంప్‌ని సమర్థించే అవకాశం ఏ కోశానా లేదు. అది ఇరుపక్షాలకీ తెలుసు. అయినా ఒక చిన్న ప్రశ్నకి వచ్చిన జవాబు అమెరికా రాజకీయాల్లో మూడేళ్లపాటు నలిగింది.

అందుకే పత్రిక ఎవరిని సమర్థించిందన్న శీర్షిక కంటే, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘ఇంటర్వ్యూ పూర్తి పాఠం’ లింకు ముందు తెరవాలంటాను. చదివేటప్పుడు మొదటి జవాబు వదిలేయండి, అది తయారుగా తెచ్చుకున్నది. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న దగ్గర ఏమైందో చూడండి. అభ్యర్థి అంకె చెప్పారా, చట్టం పేరు చెప్పారా, లేక మొదటి వాక్యమే మళ్లీ తిప్పి చెప్పారా. ఇంటర్వ్యూకి రావడానికే నిరాకరించినవాళ్లు ఎవరో కూడా సంపాదకీయంలో రాస్తారు. అదీ సమాచారమే.

పేరుకి ఉన్న బలం ఎంత

డిమోయిన్ రిజిస్టర్ 1988 నుంచి కాకస్‌లకి ముందు మద్దతు ప్రకటిస్తూ వచ్చింది. నిజంగా పోటీ ఉన్న డెమోక్రటిక్ కాకస్‌లలో దాని ఎంపికలు ఇవి: 1988లో పాల్ సైమన్, 2000లో బిల్ బ్రాడ్లీ, 2004లో జాన్ ఎడ్వర్డ్స్, 2008లో హిల్లరీ క్లింటన్, 2016లో మళ్లీ క్లింటన్, 2020లో వారెన్. వీళ్లలో అయోవాలో గెలిచింది 2016 క్లింటన్ ఒక్కరే, అదీ అర శాతం కూడా లేని తేడాతో. న్యూ హాంప్‌షైర్‌లో రిపబ్లికన్ల వైపు యూనియన్ లీడర్ రికార్డు కాస్త మెరుగు. 1980లో రేగన్, 1996లో ప్యాట్ బుకానన్, 2008లో జాన్ మెక్‌కెయిన్ ఆ రాష్ట్రంలో నెగ్గారు. 2000లో స్టీవ్ ఫోర్బ్స్, 2012లో న్యూట్ గింగ్రిచ్, 2016లో క్రిస్ క్రిస్టీ, 2024లో నిక్కీ హేలీ ఓడిపోయారు. క్రిస్టీ అయితే ఆరో స్థానంలో ఆగారు.

ఈ జాబితా చూసి పత్రిక మద్దతు శాపమనుకోవడమూ పొరపాటే. పత్రికలు తరచూ వెనకబడి ఉన్నవాళ్లనే ఎంచుకుంటాయి. అసలు ప్రశ్న గెలిచారా అని కాదు, మద్దతు లేకపోతే వచ్చేదానికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయా అని. 2004లో ఎడ్వర్డ్స్ దానికి మంచి ఉదాహరణ. జనవరి 11న రిజిస్టర్ ఆయన పేరు రాసేనాటికి అందరి దృష్టి హోవర్డ్ డీన్, డిక్ గెఫార్ట్‌ల మీద ఉంది. జనవరి 19న ఎడ్వర్డ్స్‌కి 32 శాతం వచ్చింది. కెర్రీ 38తో మొదటి స్థానం, డీన్ 18తో మూడు. ఎడ్వర్డ్స్ గురించి అప్పటిదాకా పెద్దగా ఆలోచించని ఓటరుకి ‘ఇతన్నీ చూడొచ్చు’ అని పత్రిక ఒక కారణం ఇచ్చింది. 2020లో వారెన్‌కి అదే పత్రిక ఇంచుమించు అన్నే రోజుల ముందు అదే గౌరవం ఇస్తే మూడో స్థానం దాటలేదు. అప్పటికి ఏడాదిగా ఆమె అయోవాలో ఇల్లిల్లూ తిరిగారు. ఆమె ఎవరో తెలియని ఓటరు మిగల్లేదు. పత్రిక చెప్పిందాంట్లో కొత్త విషయం లేదు.

ఆర్థికవేత్తలు బ్రయాన్ నైట్, చున్-ఫాంగ్ చియాంగ్ 2011లో ప్రచురించిన అధ్యయనం దీన్నే అంకెల్లో పట్టుకుంది. వాళ్లు చూసింది 2000, 2004 నవంబరు ఎన్నికలని. పత్రిక మొగ్గుకి తగ్గట్టే వచ్చిన మద్దతు ఓటరుని పెద్దగా కదిలించలేదు. ఊహించని వైపు నుంచి వచ్చినది కదిలించింది. ఉదారవాద పత్రిక డెమోక్రాట్‌ని మెచ్చుకుంటే అది రోజూ ఉండేదే. అదే పత్రిక రిపబ్లికన్‌ని మెచ్చుకుంటే పాఠకుడు ఆగి చదువుతాడు.

2020 సౌత్ కరొలినా మరో పాఠం. ఆ రాష్ట్రంలోని పెద్ద పత్రికల్లో ఒకటైన ది స్టేట్ మద్దతు పీట్ బూటెజెజ్‌కి. ఫిబ్రవరి 26న కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ మద్దతు బైడెన్‌కి. మూడు రోజుల తర్వాత బైడెన్‌కి దాదాపు 49 శాతం, బూటెజెజ్‌కి 8 శాతం. ఎగ్జిట్ పోల్‌లో దాదాపు సగంమంది ఓటర్లు క్లైబర్న్ మాట తమ నిర్ణయంలో ముఖ్యమన్నారు. క్లైబర్న్‌ని అక్కడి నల్లజాతి ఓటర్లు దశాబ్దాలుగా ఎరుగుదురు. ఎవరు చెప్పారన్నది ఏం చెప్పారన్నదాని కంటే ముందు నడిచిన సందర్భం అది.

తేదీలు, శాతాలు తారుమారు చేసేవి

మంచి మద్దతు కూడా వేళ తప్పితే వృథా. టెక్సాస్‌లో 2020 ప్రైమరీ మార్చి 3న. ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 18 నుంచి 28 దాకా. హ్యూస్టన్ క్రానికల్ ఫిబ్రవరిలో క్లోబుచార్‌ని సమర్థించింది. అది చదివి ఫిబ్రవరి 20న వెళ్లి ఓటేసి వచ్చినవాళ్లున్నారనుకోండి. ఆమె మార్చి 2న తప్పుకున్నారు, ఆ రాత్రే డల్లాస్‌లో బైడెన్‌కి మద్దతుగా ఆయన వేదిక ఎక్కారు. ముందే వేసిన ఓటు వెనక్కి రాదు. కాలిఫోర్నియాలో అయితే పోస్టల్ బ్యాలెట్లు ఫిబ్రవరి మొదటి వారంలోనే ఇళ్లకి బయల్దేరాయి. అయోవా ఫలితాలే ఇంకా రాని రోజులవి.

హ్యూస్టన్, డల్లాస్ ప్రాంతాల్లో పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లు ఇప్పుడు ఎంతోమంది. టెక్సాస్‌లో ఓటరు నమోదులో పార్టీ ఉండదు, ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవచ్చు, ఒకటే. కాబట్టి పోటీ గట్టిగా ఉన్న పార్టీ వైపు మొగ్గేవాళ్లు ముందస్తు ఓటింగ్ చివరి రోజుల దాకా ఆగడం మంచిది. అభ్యర్థులు పదిమంది ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం. పత్రిక మద్దతు చదివేముందు దాని తేదీ, మీ రాష్ట్రంలో ఓటింగ్ తేదీలు, ఆ అభ్యర్థి ఇంకా బరిలో ఉన్నారా అన్న మూడూ సరిచూసుకోవాలి.

ఇక శాతాల సంగతి. డెమోక్రటిక్ ప్రైమరీల్లో 15 శాతం దాటితేనే డెలిగేట్లు. 2020 న్యూ హాంప్‌షైర్‌లో క్లోబుచార్‌కి దాదాపు 20 శాతం వచ్చి 6 డెలిగేట్లు దక్కాయి. వారెన్‌కి 9 శాతం పైచిలుకు వచ్చి ఒక్కటీ దక్కలేదు. న్యూయార్క్ టైమ్స్ జంట మద్దతులోని చిక్కు ఇక్కడ తెలుస్తుంది. వ్యవస్థని సమూలంగా మార్చాలనుకునేవాళ్లకి వారెన్, ఉన్నదాన్ని సరిదిద్దాలనుకునేవాళ్లకి క్లోబుచార్ అని బోర్డు చెప్పింది. రెండు దార్లలో ఏది మేలో చెప్పడమే బోర్డు పని. ఆ పనే వదిలేసింది. బ్యాలెట్ మీద గుర్తు పెట్టేది ఒక్కరికి. ఒక పత్రిక పాఠకులు రెండు వైపులా చీలితే ఇద్దరూ 15 దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇద్దరి పేర్లు చెప్పడానికి అర్థమున్న చోట్లు లేకపోలేదు. 2020 అయోవా కాకస్‌లో మొదటి అభ్యర్థికి తగినంత బలం రాకపోతే రెండో అభ్యర్థి దగ్గరికి వెళ్లే వీలుండేది. ఆ ఏడాది అలాస్కా, వయోమింగ్, కాన్సస్, హవాయీ డెమోక్రాట్లు ర్యాంకులు వేసే పద్ధతి వాడారు. అలాంటి చోట ‘మొదటిది ఈమె, రెండోది ఆమె’ అని వరస చెప్తే ఉపయోగం. టైమ్స్ వరస కూడా చెప్పలేదు.

న్యూ హాంప్‌షైర్ పత్రిక కాంకర్డ్ మానిటర్ 2007 డిసెంబరులో వాడిన పద్ధతి నాకు ఇంతకంటే నిజాయితీగా అనిపిస్తుంది. ఎవరికి వేయాలో చెప్పకుండా మిట్ రోమ్నీకి వేయొద్దని కారణాలతో రాసింది. అభ్యర్థులు గుంపుగా ఉన్నప్పుడు ఒకరిని తీసివేయడం కూడా ఓటరుకి సాయమే.

చట్టం అడ్డు కాదు, యజమాని కావచ్చు

పత్రిక సంపాదకీయం ప్రచార విరాళం కిందకి రాదు. పార్టీ గానీ అభ్యర్థి గానీ యజమానిగా లేని పత్రిక రాసే వార్త, వ్యాఖ్య, సంపాదకీయాలని ఫెడరల్ ఎన్నికల చట్టం మినహాయించింది. పోలింగ్ రోజున కూడా రాయొచ్చు. 1962లో అలబామాలో బర్మింగ్‌హామ్ పోస్ట్-హెరాల్డ్ సంపాదకుడు జేమ్స్ మిల్స్‌ని పోలింగ్ రోజు సంపాదకీయం రాసినందుకు అరెస్టు చేశారు. 1966లో సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర చట్టాన్నే కొట్టేసింది.

చట్టం అడ్డుపడేది ఒక్కచోటే. పన్ను మినహాయింపున్న సేవా సంస్థగా మారిన పత్రిక అభ్యర్థుల్ని సమర్థించకూడదు. సాల్ట్ లేక్ ట్రిబ్యూన్ 2019లో అలా మారింది, ఆ హక్కు వదులుకుంది. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ యజమాని లాభాపేక్ష లేని సంస్థే అయినా పత్రికని విడి కంపెనీగా నడుపుతోంది, కనుక సమర్థించగలదు. చిన్న ఊళ్ల పత్రికలు బతకడానికి లాభాపేక్ష లేని దారి పట్టడం పెరుగుతున్నకొద్దీ ఈ నియమం ఎక్కువమందికి వర్తిస్తుంది.

ఇక యజమానులు. ఆల్డెన్ గ్లోబల్ క్యాపిటల్ అనే హెడ్జ్ ఫండ్ (పెట్టుబడి సంస్థ) చేతిలోని పత్రికలు 2022లో అధ్యక్షుడు, గవర్నర్, సెనేట్ పోటీల్లో మద్దతు ఆపేస్తున్నామని ప్రకటించాయి. గానెట్ గొలుసు పత్రికలు 2024లో అధ్యక్ష ఎన్నికకి దూరంగా ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరు 25న, పోలింగ్‌కి 11 రోజుల ముందు, వాషింగ్టన్ పోస్ట్ ఎవరినీ సమర్థించబోమంది. యజమాని జెఫ్ బెజోస్, ఎండార్స్‌మెంట్లు పత్రిక పక్షపాతం చూపుతోందన్న భావన పెంచుతాయని రాశారు. ఆ వాదనలో బలం ఉంది, విలేకరి తిట్లు తినే సంగతి పైన చెప్పాను. కానీ విధానం మార్చాలంటే ఏడాది ముందు మార్చాలి. బోర్డు ముసాయిదా సిద్ధం చేసుకున్నాక మారిస్తే పాఠకులు దాన్ని విధానంగా చూడరు. రెండు లక్షలకు పైగా చందాదారులు రోజుల వ్యవధిలో రద్దు చేసుకున్నారు.

యజమాని నిర్ణయం మీద గొడవ జరిగినంతగా, మద్దతు ఆపేస్తే ముఖాముఖిలు ఏమవుతాయన్నదాని మీద జరగలేదు. అభ్యర్థి చిన్న రాష్ట్రపు పత్రిక గదిలో గంటన్నర ఎందుకు కూర్చుంటాడు? చివర్లో ఒక పేరు దొరుకుతుందేమోనన్న ఆశతో. ఆ ఆశ లేకపోతే అతను పాడ్‌కాస్ట్‌కి వెళ్తాడు, తనకి నచ్చినవాళ్లతో మాట్లాడతాడు. హెర్మన్ కెయిన్‌ని లిబియా గురించి అడిగిన మిల్వాకీ జర్నల్ సెంటినెల్, క్లింటన్‌ని ఎందుకు తప్పుకోలేదని అడిగిన ఆర్గస్ లీడర్, రెండూ 2024 నాటికి గానెట్ గొలుసులోవే. ట్రంప్ చేత అయిదు పేర్లు చదివించినది వాషింగ్టన్ పోస్ట్. 2024లో ఈ మూడూ అధ్యక్ష పదవికి ఎవరి పేరూ రాయలేదు.